రెండు ప్లేయర్లూ ఒకేలా ఉన్నాయి, 80 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కి సౌండ్ దేంట్లో ఎక్కువ వస్తుంది?

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ నమస్తే. నేను గుంటూరు నుంచి రోజూ బెజవాడ గవర్నర్‌పేటకి ఆఫీసుకి వెళ్ళొస్తాను. పొద్దున బస్సు, సాయంత్రం ఒక్కోసారి రైలు, మొత్తం మీద రోజుకి దగ్గర దగ్గర మూడు గంటలు దారిలోనే గడిచిపోతుంది. ఆ టైమ్‌లో నేను వినేది మా నాన్నగారి క్యాసెట్లు. ఆయన 1980ల్లో, 90ల్లో చుట్టుపక్కల ఏ ఊళ్ళో పద్యనాటకం ఆడుతున్నారన్నా, హరికథ ఉందన్నా టేప్‌రికార్డర్ చంకన పెట్టుకుని వెళ్ళి స్టేజీ పక్కనే కూర్చునేవారు. అవి కాక విజయవాడ రేడియోలో వచ్చిన నాటకాలు కూడా కొన్ని పట్టారు. మొత్తం 112 క్యాసెట్లు. వాటిలో 70 దాకా పోయిన ఏడాది నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించాను, మిగతావి ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.

సమస్య ఏంటంటే సౌండ్ చాలట్లేదు. నా దగ్గరున్నది బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో హెడ్‌ఫోన్, 80 ఓమ్స్‌ది (ఓమ్స్ అంటే అది కరెంటుకి ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత). ఫోన్‌కి జాక్ లేదు కాబట్టి టైప్-సి డాంగిల్, అంటే ఛార్జింగ్ కన్నంలో పెట్టే చిన్న జాక్ ముక్క, పెట్టి వింటున్నాను, వాల్యూమ్ చివరిదాకా పెట్టేసి. ఇంట్లో బాగానే ఉంటుంది. బస్సు పెదకాకాని దాటి స్పీడ్ అందుకుందంటే ఇంక అంతే. పద్యం చదివినంతసేపూ వినపడుతుంది, చివర రాగం అందుకున్నప్పుడు ఆ నటుడు మైకుకి కాస్త ఎడంగా జరుగుతాడు చూడండి, సరిగ్గా అక్కడ ఇంజన్ మోత తప్ప ఏమీ వినపడదు. మనం వినాలనుకునేది ఆ రాగమే కదా.

అందుకని విడిగా ఒక మ్యూజిక్ ప్లేయర్ కొందామని రెండు చూశాను. పేర్లు కావాలనే రాయట్లేదు, రాస్తే చర్చ బ్రాండ్ల మీదకి వెళ్ళిపోతుంది. రెండిటిలోనూ చిప్ ఒకటే, స్క్రీన్ ఇంచుమించు ఒకటే, మెమరీ కార్డు పడుతుంది. మొదటిది 12,500. దానికి 3.5 మిల్లీమీటర్ల మామూలు జాక్ ఒక్కటే ఉంది, 32 ఓమ్స్ దగ్గర 80 మిల్లీవాట్లు అని రాశారు. రెండోది 17,000. దానికి 3.5 జాక్‌లో 100 మిల్లీవాట్లు, పక్కన 4.4 బ్యాలెన్స్‌డ్ జాక్ ఒకటి ఉంది, దాంట్లో 320 మిల్లీవాట్లు అన్నారు, అదీ 32 ఓమ్స్ దగ్గరే. 80 ఎక్కడ, 320 ఎక్కడ, నాలుగింతలు కదా! నా హెడ్‌ఫోన్ పిన్ మామూలు 3.5యే గానీ 4.4 జాక్‌లో పెట్టుకునే కన్వర్టర్ ఆన్‌లైన్‌లో 350 రూపాయలకి దొరుకుతోంది. అది తగిలిస్తే సరిపోతుంది అనుకుంటున్నాను. ఇంకో మాట, మా బావ వచ్చే నెల జర్మనీ నుంచి వస్తున్నాడు, మొదటి ప్లేయర్ అక్కడ రెండు వేలు తక్కువకి వస్తుందట. తెప్పించుకోమంటారా, లేక ఇంకో నాలుగున్నర వేలు పెట్టి రెండోదే తీసుకోమంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఈ వారంలో తేల్చుకోవాలి.

పటమట కుర్రాడు:

అన్నా, ఆలోచించకుండా రెండోది తీసుకో. పవర్ ఎక్కువ ఉంటే ఎప్పటికైనా మంచిదే, రేపు 250 ఓమ్స్ హెడ్‌ఫోన్ కొన్నా పనికొస్తుంది. నాలుగు వేలకి చూసుకుంటే తర్వాత బాధపడతావు. నేను అలాగే చిన్నది కొని ఆర్నెల్లకి మార్చుకున్నాను.

ఏలూరు రోడ్డు రిపేరు బెంచి:

బ్రాడీపేట గారూ, ముందు ఆ 350 రూపాయల కన్వర్టర్ ఆర్డర్ పెట్టి ఉంటే క్యాన్సిల్ చేయండి. మిగతా సంగతులు తర్వాత చెప్తాను, ఇది మాత్రం ముందు.

బ్యాలెన్స్‌డ్ జాక్ అంటే మామూలు జాక్‌ని లావు చేసి పెట్టింది కాదు. మామూలు 3.5లో ఎడమ చెవికి ఒక తీగ, కుడి చెవికి ఒక తీగ, రెండిటికీ కలిపి ఒక ఉమ్మడి గ్రౌండ్, అంటే మూడు కనెక్షన్లు. 4.4లో అలా కాదు. ఎడమకి రెండు, కుడికి రెండు, ఆ నాలుగు తీగల వెనకా నాలుగు యాంప్లిఫయర్లు పని చేస్తూ ఉంటాయి. ఎడమ మైనస్, కుడి మైనస్ అనుకునేవి గ్రౌండ్ కావు, అవి కూడా సిగ్నల్ ఇచ్చే అవుట్‌పుట్లే. మీ హెడ్‌ఫోన్ 3.5 పిన్ని కన్వర్టర్‌తో దాంట్లో పెడితే ఏం జరుగుతుంది? ఆ పిన్నులో ఉమ్మడి గ్రౌండ్ ఒక్కటే రింగు కాబట్టి రెండు మైనస్ అవుట్‌పుట్లూ ఒకదానికొకటి నేరుగా తగులుకుంటాయి. అంటే రెండు యాంప్లిఫయర్లని ఎదురెదురుగా షార్ట్ చేసినట్టు. కొన్ని ప్లేయర్లలో ప్రొటెక్షన్ ఉంటుంది, సౌండ్ ఆగిపోయి ఊరుకుంటుంది. అది లేనివి కాలతాయి. ఇప్పుడు కూడా నా బెంచి మీద ఒకటి ఉంది, ఇలాంటి కన్వర్టర్‌తోనే వచ్చింది. మూత తీసి చూస్తే అవుట్‌పుట్ ఐసీ పైన మిరియం గింజంత పొంగి ఉంది, దాని పక్కన బోర్డు గోధుమరంగులోకి తిరిగింది. ఆ అబ్బాయి అది కొని పది రోజులు కాలేదు. దీని తిరగేసిన రకం, అంటే 4.4 పిన్నున్న హెడ్‌ఫోన్‌ని మామూలు 3.5 జాక్‌లో పెట్టుకునే కన్వర్టర్, దాంతో ఇబ్బంది లేదు. మీరు చూసింది అది కాదు.

సరే, కన్వర్టర్ వద్దు, మరి వైరు మార్చుకోవచ్చా? మీ డీటీ 770 ప్రోకి వైరు ఊడదు. 80 ఓమ్స్ దానికి మూడు మీటర్ల వైరు, లోపలికే సోల్డర్ చేసి ఉంటుంది, బస్సులో ఆ మూడు మీటర్లు చుట్టుకుని కూర్చుంటున్నారు కదా, మీకే తెలుసు. దాన్ని కోసి, కప్పుకి చిన్న సాకెట్ బిగించి నాలుగు తీగల వైరు వేయొచ్చు, నేనే రెండు మూడు చేశాను. కానీ వారంటీ పోతుంది, ఖర్చవుతుంది. అంటే మీరు 17,000ది కొన్నా వాడేది దాని 3.5 జాక్ మాత్రమే. నాలుగు వేల ఐదొందలు ఎక్కువ పెట్టి ఆ 4.4 కన్నాన్ని దుమ్ము పట్టించడమే అవుతుంది.

ఇప్పుడు లెక్క చూద్దాం, కష్టమేం కాదు. 32 ఓమ్స్ దగ్గర 80 మిల్లీవాట్లు అంటే ఆ ప్లేయర్ 1.6 వోల్టులు ఇస్తోందని అర్థం. ఆ 1.6 వోల్టులే మీ 80 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కి ఇస్తే 32 మిల్లీవాట్లు వెళ్తాయి. ఓమ్స్ పెరిగేకొద్దీ పవర్ తగ్గుతుంది, అందుకే డబ్బా మీద అంకె చూసి మురిసిపోకూడదు, ఎన్ని ఓమ్స్ దగ్గర చెప్పాడో చూడాలి. మీ హెడ్‌ఫోన్ ఒక్క మిల్లీవాటుకి 96 డెసిబెల్స్ ఇస్తుందని కంపెనీ వాళ్ళే చెప్పారు. పవర్ రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ పెరుగుతుంది. 1 నుంచి 2, 4, 8, 16, 32, అంటే ఐదు రెట్టింపులు, 15 డెసిబెల్స్. 96కి 15 కలిపితే 111. రెండో ప్లేయర్ 3.5 జాక్‌లో ఇదే లెక్క వేస్తే 40 మిల్లీవాట్లు, 112 డెసిబెల్స్. ఒక్క డెసిబెల్ తేడా! కళ్ళు మూసుకుని వింటే ఏది ఏదో చెప్పలేరు. 4.4లో పూర్తిగా వాడుకోగలిగినా 128 మిల్లీవాట్లు, 117 డెసిబెల్స్. నాలుగింతల పవర్‌కి 6 డెసిబెల్స్. మన చెవికి సౌండ్ రెట్టింపైనట్టు అనిపించాలంటే 10 డెసిబెల్స్ దాకా పెరగాలి, అంటే పదింతల పవర్. 80కి 320 నాలుగింతలని మీరన్నది నిజమే, కానీ చెవికి అది నాలుగింతలు కాదు, రెండింతలు కూడా కాదు.

నా మాట అడిగితే మొదటిదే చాలు. కొన్నాక సెట్టింగ్స్‌లో గెయిన్ అని ఉంటుంది, సౌండ్‌ని ఎంత పెంచి పంపాలో చెప్పేది, అది ‘హై’ (ఎక్కువ) మీద పెట్టండి. చాలా ప్లేయర్లు ‘లో’ (తక్కువ) గెయిన్ మీద ఉండి వస్తాయి, డబ్బా మీద రాసే మిల్లీవాట్లు మాత్రం హై గెయిన్‌వి. అది చూసుకోకుండా సౌండ్ రావట్లేదని తిరిగి పంపేసినవాళ్ళు ఉన్నారు.

ఇక జర్మనీ సంగతి. వద్దండి. యూరప్‌లో 2013 నుంచి ఇలాంటి ప్లేయర్లన్నిటికీ రూల్ ఉంది, 85 డెసిబెల్స్ దగ్గర హెచ్చరిక చూపించి మీరు ఒప్పుకుంటేనే పైకి వెళ్ళనివ్వాలి, పైన కూడా 100 దగ్గర హద్దు. ఆ లెక్క వాళ్ళు డబ్బాతో ఇచ్చే ఇయర్‌ఫోన్‌తో వేస్తారు. మీలాగా 80 ఓమ్స్ హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంకా కిందే ఆగిపోతుంది. కొన్ని కంపెనీలు ఈ కట్టడి ఫర్మ్‌వేర్‌లోనే, అంటే ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్‌లోనే పెట్టి పంపుతాయి, మనం తీయలేం. సౌండ్ చాలట్లేదని కొంటూ సౌండ్ కట్టేసిన పీసు తెచ్చుకోవద్దు. ఇక్కడ కొనండి, రేపు ఏదైనా అయితే వారంటీ ఇక్కడే ఉంటుంది.

పటమట కుర్రాడు:

అన్నా, నేను పైన తొందరపడి చెప్పాను, ఆ వైరు ఊడదన్న సంగతి నాకు తెలియదు. కన్వర్టర్ అలా కాల్చేస్తుందని కూడా ఇప్పుడే తెలిసింది, మా ఫ్రెండ్ ఒకడు అదే వాడుతున్నాడు, ఇప్పుడే ఫోన్ చేసి తీసేయమన్నాను. ఒక డౌట్. మొదటి ప్లేయర్ 111 ఇస్తే, ఇప్పుడు డాంగిల్ ఎంత ఇస్తున్నట్టు?

ఏలూరు రోడ్డు రిపేరు బెంచి:

డాంగిల్‌ని బట్టి ఉంటుంది తమ్ముడూ. కొన్ని డాంగిల్స్ కంప్యూటర్‌కి పెడితే 1 వోల్టు ఇస్తాయి, అదే ఆండ్రాయిడ్ ఫోన్‌కి పెడితే ఫోన్‌కి దాని వాల్యూమ్‌ని చివరిదాకా తిప్పడం రాక సగం దగ్గరే వదిలేస్తుంది, మనం మాత్రం బటన్ నొక్కి ఫుల్ అనుకుంటాం. సగం వోల్టు అనుకుని లెక్కవేస్తే 80 ఓమ్స్‌కి 3 మిల్లీవాట్లు, అంటే 101 డెసిబెల్స్. ప్లేయర్ కొంటే పది డెసిబెల్స్ పెరుగుతుంది, తేడా బాగానే తెలుస్తుంది. యూఎస్‌బీ ఆడియో కోసం ప్రత్యేకంగా ఉన్న యాప్స్ కొన్ని ఆ డాంగిల్ వాల్యూమ్‌ని సూటిగా పట్టుకుని తిప్పగలవు. కొనేముందు బ్రాడీపేట గారు అది ఒకసారి చూడొచ్చు.

లక్ష్మీపురం ఎడిటింగ్ రూమ్:

అందరూ ప్లేయర్ గురించే చెప్తున్నారు. బ్రాడీపేట గారూ, అసలు ఆ ఫైల్స్ ఎంత లెవెల్‌లో ఉన్నాయో ఎప్పుడైనా చూశారా? నేను ఇలాంటి టేపులు చాలా ఎక్కించాను, మా మావయ్యగారి హరికథలు కూడా అందులోవే. స్టేజీ రికార్డింగ్ అంటే చప్పట్లు ఉంటాయి, ఈలలు ఉంటాయి, పద్యం అయిపోగానే వన్స్‌మోర్ అని అరుపులు ఉంటాయి. ఆ అరుపుకి మీటరు ఎర్రలోకి పోతుందని భయపడి ఎక్కించేటప్పుడు మనం మొత్తం లెవెల్ తగ్గించేస్తాం. దాంతో అరుపు ఒక్కటే పైన ఉండి, పాడే గొంతు అడుగున పడిపోతుంది.

ఒక ఫైల్ ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, ఉచితమే. పద్యం నడిచే చోట గీత ఎంత ఎత్తుందో చూడండి. పెట్టె మొత్తం ఎత్తులో పావు వంతు ఉందంటే మీరు 12 డెసిబెల్స్ వదిలేసినట్టు. పైన ఆయన చెప్పిన డాంగిల్‌కీ ప్లేయర్‌కీ ఉన్న తేడా కన్నా అది ఎక్కువ. దానికి పైసా ఖర్చు లేదు.

ఒరిజినల్ ఫైల్స్ మాత్రం ముట్టుకోకండి, కాపీ తీసుకుని దాని మీద చేయండి. ఊరికే నార్మలైజ్ నొక్కితే పని జరగదు, ఎందుకంటే అది ఫైల్ మొత్తంలో ఎత్తైన చోటు చూస్తుంది, ఆ చోటు ఎవరో వేసిన ఈల, అది అప్పటికే పైన ఉంది కాబట్టి ఇంక పెంచదు. ముందు ఆ చప్పట్లు, ఈలలు, మైకు తగిలిన దబ్‌మన్న చప్పుడు, వాటిని సెలెక్ట్ చేసి పది పన్నెండు డెసిబెల్స్ తగ్గించండి. పూర్తిగా కోసేయొద్దు, ఆ వన్స్‌మోర్ లేకపోతే అది నాటకంలా ఉండదు. తర్వాత అడుగున బుమ్మని వచ్చే మోటారు మోతకి 80 హెర్ట్జ్ కింద కట్ చేయండి. ఆ తర్వాత కంప్రెసర్, అంటే పెద్ద సౌండ్‌కీ చిన్న సౌండ్‌కీ తేడా తగ్గించేది, రెండుకి ఒకటి గానీ మూడుకి ఒకటి గానీ, అంతకు మించొద్దు. మీరన్నారే, రాగం అందుకునేటప్పుడు మైకుకి ఎడంగా జరుగుతారని, దాన్ని దగ్గరికి లాక్కొచ్చేది ఇదే. చివర లౌడ్‌నెస్ నార్మలైజేషన్, అంటే చెవికి వినపడే సగటు సౌండ్‌ని ఒక లెవెల్‌కి తెచ్చేది, మైనస్ 18 LUFS దగ్గర పెట్టండి, సరిపోకపోతే మైనస్ 16.

టేపు హిస్, ఆ సన్నటి సుయ్‌మనే చప్పుడు కూడా దాంతోపాటు పైకి వస్తుంది, తప్పదు. నాయిస్ రిడక్షన్ ఉంది కదా అని గట్టిగా వాడితే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు అయిపోతుంది, హార్మోనియం మీద ముఖ్యంగా తెలిసిపోతుంది. ఆరు డెసిబెల్స్‌తో ఆపేయండి. మీ నాన్నగారిది మోనో టేప్‌రికార్డర్ అయ్యుంటుంది, దాన్ని మీరు స్టీరియో డెక్‌లో ఎక్కించి ఉంటారు. రెండు చానల్స్‌నీ మోనోగా కలిపేయండి, గొంతు రెండిట్లోనూ ఒకటే కాబట్టి నిలుస్తుంది, హిస్ రెండిట్లో వేరు వేరు కాబట్టి కొంత తగ్గుతుంది. డెబ్భై ఫైల్స్‌కి ఇదంతా చేయలేనంటే కనీసం రీప్లేగెయిన్ ట్యాగులు వేయండి, ఒక్కో ఫైల్‌ని ఎంత పెంచి వినిపించాలో ప్లేయర్‌కి చెప్పే గుర్తులు అవి, కంప్యూటర్‌లో ఫూబార్ అనే ప్లేయర్‌తో అన్నీ ఒకేసారి అయిపోతాయి, మీరు చూసిన ప్లేయర్ దాన్ని చదువుతుందో లేదో స్పెసిఫికేషన్‌లో ఉంటుంది. కొనేముందు 4.4 జాక్ కన్నా ఇది చూసుకోవడం ముఖ్యం అని నా అభిప్రాయం.

కృష్ణలంక:

సోదరా, నేను సాంకేతిక విషయాలేమీ చెప్పలేను. నా అనుభవం చెప్తాను, దయచేసి చదవండి.

నేను ఐదేళ్ళు తెనాలి నుంచి బెజవాడ రైల్లో తిరిగాను, మీలాగే, చెవుల్లో ఇయర్‌ఫోన్స్, వాల్యూమ్ చివరి గీత దాకా. ఇంట్లో అదే వాల్యూమ్‌లో పెడితే ఉలిక్కిపడేవాణ్ణి, రైల్లో మాత్రం మామూలుగా అనిపించేది. ఒక రాత్రి పడుకున్నాక ఫ్యాన్ ఆపేస్తే చెవిలో సన్నగా గుయ్‌మని వినపడింది. కరెంటు వైరేమో అనుకుని లేచి వెతికాను. అది నా చెవిలోనే. నాలుగేళ్ళవుతోంది, ఇప్పటికీ ఉంది, ఇది రాస్తున్నప్పుడు కూడా వినపడుతోంది.

పరీక్ష చేయించుకున్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, పీ మని వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. నేను నొక్కుతూనే ఉన్నాను, బాగానే వినపడుతోందనుకున్నాను. మధ్యలో చాలాసేపు ఏమీ రాలేదు. అయిపోయిందేమోనని అద్దంలోంచి ఆ అమ్మాయి వైపు చూస్తే, ఆమె ఇంకా మిషన్ మీద ఏదో నొక్కుతూనే ఉంది. నాకే వినపడలేదు. తర్వాత కాగితం మీద గీత చూపించారు, అంతా సాఫీగా వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలా దిగిపోయింది. పెద్ద చప్పుళ్ళ వల్ల పాడయ్యే చెవికి ముందుగా అక్కడే దెబ్బ తగులుతుందట. మాట్లాడేటప్పుడు స, ష, త లాంటి అక్షరాలు ఇప్పుడు నాకు సరిగ్గా తెలియవు, మా పాప ఏదైనా చెబితే రెండోసారి అడగాల్సి వస్తోంది.

డాక్టరు గారు చెప్పిన లెక్క ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ సగటు. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగం అవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5 గంటలు. మీరు వారానికి ఆరు రోజులు మూడేసి గంటలు అంటే 18 గంటలు. బస్సు మోత మీద రాగం వినపడాలని మీరు 90 దాకా తీసుకెళ్తే మంగళవారానికే మీ వారం కోటా అయిపోతుంది.

పైన 111, 117 అని చదువుతుంటే నాకు టెన్షన్‌గా ఉంది. అది పైహద్దు లెక్క అని, మీరు అంత పెట్టరని తెలుసు. కానీ బస్సులో మనకి కావలసింది ఎక్కువ సౌండ్ కాదు, తక్కువ మోత. చెవి లోపలికి పెట్టుకునే ఇయర్‌ఫోన్, మెత్తటి ఫోమ్ టిప్స్‌తో, సరైన సైజు దొరికితే బయటి మోత 20 డెసిబెల్స్ దాకా ఆపుతుంది. ఇరవై ఆగితే మీరు ప్లేయర్ మీద ఆ ఇరవై పెంచక్కర్లేదు. ఇప్పుడు నేను అదే వాడుతున్నాను, వాల్యూమ్ సగం కూడా దాటదు. టిప్‌ని వేళ్ళతో నలిపి సన్నగా చేసి, రెండో చేత్తో చెవి పైభాగం కొంచెం పైకి లాగి లోపల పెట్టి అరనిమిషం పట్టుకోండి, అది మెల్లగా ఉబ్బి మూసుకుంటుంది. అప్పుడు మన శ్వాస మనకే వినపడితే సరిగ్గా కుదిరినట్టు. దిగేటప్పుడు మాత్రం తీసేయండి, వారధి దగ్గర రోడ్డు దాటేటప్పుడు హారన్ కూడా వినపడదు.

ఏలూరు రోడ్డు రిపేరు బెంచి:

కృష్ణలంక గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఒక్కటి కలుపుతాను. ఇయర్‌ఫోన్‌కి మారితే ప్లేయర్‌లో గెయిన్‌ని ‘లో’కి మార్చుకోవాలి, ‘హై’ మీదే ఉంచితే ఒక్క నొక్కుకే సౌండ్ ఎగిరి చెవిలో పడుతుంది, పైగా ఏమీ ప్లే కానప్పుడు సన్నగా హిస్ వస్తుంది. ఇయర్‌ఫోన్స్ చాలావరకు 16, 32 ఓమ్స్‌వే, వాటికి మీ పాత డాంగిలే ఎక్కువ.

బ్రాడీపేట నాలుగో లైను:

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు టైమ్ తీసుకుని ఒక్కొక్కటీ చేసి చూసి ఇప్పుడు రాస్తున్నాను.

ఆర్డర్‌లో ఉన్న కన్వర్టర్ క్యాన్సిల్ చేశాను. బావకి జర్మనీది వద్దని చెప్పాను.

లక్ష్మీపురం గారూ, మీరు చెప్పినట్టే ఒక ఫైల్ తెరిచాను. పద్యం ఉన్న చోట గీత పావు వంతు కూడా లేదు, ఒక్క చోట మాత్రం పైదాకా నిలువుగా గీత. దగ్గరికి వెళ్ళి చూస్తే అది చప్పట్లు కూడా కాదు, నాన్నగారు క్యాసెట్ తిప్పి పెట్టడానికి బటన్ నొక్కిన చప్పుడు, టక్ మని. ఆ ఒక్క చప్పుడు కోసం గంట నాటకం మొత్తం అడుగున పడుకుంది! దాన్ని తగ్గించి, మీరు చెప్పిన వరసలోనే మిగతావి చేసి, మైనస్ 18 దగ్గర పెట్టి, అదే ఫోన్‌లో, అదే డాంగిల్‌తో నిన్న పొద్దున బస్సులో విన్నాను. కాజ టోల్‌గేట్ దాటాక వచ్చింది ఆ రాగం. మొత్తం వినపడింది, చివర ఆయన ఊపిరి తీసుకోవడం కూడా. ఆ తర్వాత జనంలోంచి వన్స్‌మోర్ అని మొదట అరిచిన గొంతు ఎవరిదో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు. ఇంటికెళ్ళి నాన్నగారికి వినిపిస్తే, అది నేనేరా అన్నారు.

కృష్ణలంక గారూ, మీరు రాసింది మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. ఫోమ్ టిప్స్‌తో ఇయర్‌ఫోన్ తీసుకున్నాను, 1,400 అయింది. బస్సుకి అదే, 770 ఇంక ఇంట్లోనే. మీ చెవి సంగతి చదివి బాధ కలిగింది. నేను కూడా ఒకసారి పరీక్ష చేయించుకుంటాను, వచ్చే శనివారం వెళ్తున్నాను.

ప్లేయర్ మొదటిదే కొంటాను గానీ తొందరేం లేదు, రీప్లేగెయిన్ చదువుతుందని నిర్ధారించుకున్నాకే. మిగిలిన డబ్బుతో మంచి క్యాసెట్ డెక్ ఒకటి చూడాలని ఉంది. బెంచి గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. మిగిలిన 42 క్యాసెట్లలో కొన్ని గుడ్డ కప్పి వింటున్నట్టు మొద్దుగా ఉన్నాయి, అవే మా నాన్నగారి పాత టేప్‌రికార్డర్‌లో ఒకప్పుడు బాగా వినపడేవట. క్యాసెట్లు పాడైపోయినట్టేనా?

ఏలూరు రోడ్డు రిపేరు బెంచి:

పాడవలేదండి, చాలావరకు అది హెడ్, అంటే టేపుని తాకి చదివే ముక్క, దాని కోణం తేడా. ఆయన రికార్డర్‌లో హెడ్ కాస్త ఒరిగి ఉండేది, మీ డెక్‌లో తిన్నగా ఉంది, అందుకని పై స్వరాలు పోతాయి. డెక్ తలుపు మూత తీస్తే హెడ్‌కి ఒక పక్కన చిన్న స్క్రూ కనపడుతుంది, స్ప్రింగు ఉన్న పక్కది. క్యాసెట్ నడుస్తుండగా, రెండు చానల్స్‌నీ మోనోలో వింటూ, చిన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని అటూ ఇటూ పావు చుట్టు లోపే మెల్లగా తిప్పండి. హిస్ ఒక్కసారిగా పదునుగా, స్పష్టంగా వినపడే చోటు ఒకటి వస్తుంది, అక్కడ ఆపి ఎక్కించండి. తిప్పేముందు స్క్రూ ఎటు ఉందో మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టుకోండి, దుకాణంలో కొన్న క్యాసెట్లకి మళ్ళీ అక్కడికే తీసుకురావాలి. హెడ్‌ని ముందు స్పిరిట్ దూదితో తుడవండి, గోధుమరంగు వస్తున్నంతసేపు తుడవండి. కొన్నిటికి టేపు వెనక ఉండే చిన్న మెత్త, స్పాంజి ముక్కలాంటిది, ఊడి లోపల పడిపోయి ఉంటుంది, అప్పుడు కూడా ఇలాగే మొద్దుగా వస్తుంది. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి పాత క్యాసెట్ మెత్త అతికించొచ్చు. స్క్రూలు లేకుండా అతికించిన డబ్బా అయితే మీరు తెరవకండి, తెచ్చివ్వండి, టేపు వేరే డబ్బాలోకి మార్చి ఇస్తాను.

బ్రాడీపేట నాలుగో లైను:

స్క్రూలు లేనివి పదకొండు ఉన్నాయి. శనివారం చెవి పరీక్ష అయ్యాక అటే వస్తాను.